కలం మొనకు బొట్టు

మా ఇంట్లో కోపమంతా నా ఒక్కదానికే వచ్చింది. అమ్మకు లేదు. ఉండి ఉంటే నన్ను ఎప్పుడో మా గోపాల్‌పూర్ సముద్రపు ఇసకలో పాతేసి ఉండేది.

పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసే పని కోసం ఏడాదిపాటు తిరిగాను. తిరిగానంటే కాళ్ళతో కాదు, ఇంట్లో కూర్చుని బొమ్మలు పంపడమే. పుస్తకాలు అచ్చేసేవాళ్ళు రెండోసారి కూడా వద్దన్నాక ఒళ్ళు మండిపోయింది. అమ్మ వాకిట్లో చేప పొలుసు తీస్తుంటే వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. "ఇంకొక్కసారి సూస్తాను. ఈసారి కూడా రాకపోతే మన ఈధి అమ్మాయిల్తో నానూ బట్టల కంపెనీకి ఎల్లిపోతాను. ఆ దచ్చనం ఊర్లోనే ఉండిపోతాను, సూడు" అన్నాను. నేను వెళ్తే ఆ ఇంట్లో అమ్మ ఒక్కతే. అది తెలిసే అన్నాను. అమ్మ తల ఎత్తలేదు, పొలుసు తీస్తూనే ఉంది.

మూడో అవకాశం దసరా అయిన రెండు రోజులకే వచ్చింది. చేపలు కోసి అమ్మే ఒకామె కథ, మూడు బొమ్మలు, నాలుగు రోజుల గడువు. ఆహా అనుకున్నాను. అలాంటి ఆమె మా వాకిట్లోనే కూర్చుని ఉంది, చూసి వేయడమే. మొదటి రోజు పెన్సిల్‌తో చిత్తుబొమ్మలు అయిపోయాయి. రెండో రోజు పొద్దున్నే టాబ్లెట్ తీసి లాప్‌టాప్‌కు తగిలించాను.

ఈ టాబ్లెట్ ఒక నల్లటి పలక. దాని మీద రాసే కలంలో సిరా ఉండదు. మొన పలకను తాకితే గీత కంప్యూటర్ తెర మీద పడుతుంది. తేలిగ్గా ఆనిస్తే సన్నగీత, నొక్కితే లావుగీత. దాని గొప్పంతా అదే.

ఆ రోజు ఆ గొప్ప పోయింది. ఎలా పట్టుకున్నా ఒకటే లావు. చేపలామె ముఖం మీద పడే వెంట్రుకలు వేద్దామంటే కొబ్బరి తాళ్ళు పడ్డాయి. కుంచె అమరికలో ఒత్తిడి ఆపేశానేమోనని చూశాను. ఆన్‌లోనే ఉంది. ఇంకో బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో గీశాను, అందులోనూ తాళ్ళే. టాబ్లెట్ డ్రైవర్ తీసేసి, కంప్యూటర్ ఆపి, మళ్ళీ వేశాను. వీడియోల్లో ఎవరు ఏ మీట నొక్కమంటే ఆ మీట నొక్కాను. మధ్యాహ్నానికి తల ప్రాణం తోకకొచ్చింది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు లోపం నా చేతిలోనే ఉందేమోనని కూడా అనుమానం వచ్చింది.

"ఏటయ్యిందే? బువ్వ తినవేటి?" అని అమ్మ వచ్చింది.

"నీకు సెప్పినా తెలీదు. ఎల్లు" అన్నాను. వెళ్ళిపోయింది. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నాకు సిగ్గేస్తుంది.

సాయంత్రం డ్రైవర్ పేజీలో ఒత్తిడి చూపించే గీటు కనిపించింది. కలం నొక్కితే అది పైకి లేవాలి, వదిలితే కిందికి రావాలి. నేను కలాన్ని గాల్లో పట్టుకున్నా అది పైనే నిలబడి ఉంది. మొన ఎక్కడో లోపల ఇరుక్కుపోయి, ఎప్పుడూ నొక్కి ఉన్నట్టే చెబుతోంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, చేతిలో కలాన్ని వదిలి కంప్యూటరంతా వెతికాను.

మూడో రోజు పొద్దున్న బస్సెక్కి బరంపురం వెళ్ళాను. అక్కడ గోసాని నువాగాం పేటలో ఫోన్లు బాగుచేసే ఒకాయన ఉన్నాడు. కలాన్ని దీపం కింద పెట్టి, సన్న పట్టకారుతో మొనను పట్టుకుని లాగాడు. రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగితే టక్కున ఊడి వచ్చింది. దాంతోపాటు బల్ల మీద పచ్చటి పెళ్ళ ఒకటి, దాని వెనక ఎర్రటి పొడి రాలాయి. ఆయన వేలితో తీసుకుని వాసన చూశాడు.

"ఏటి సెల్లెమ్మా, దీనికి పసుపు రాసి బొట్టెట్టేరేటి?" అని పడీపడీ నవ్వాడు. సూదితో కన్నం శుభ్రం చేసి, టాబ్లెట్ డబ్బాలో వచ్చిన కొత్త మొన నేనిస్తే గుచ్చి, "అసుబిధా నాహిఁ, ఇంకేటీ ఇబ్బంది లేదు" అన్నాడు.

దసరా నాడు పనిముట్లకు పూజ చేసింది అమ్మే. తిరుగు బస్సులో ఏమేం తిట్టాలో వరసగా పేర్చుకుంటూ వచ్చాను. వాకిట్లో అడుగు పెడుతూనే అడిగాను.

"నా కలానికి బొట్టెట్టింది నువ్వేనా?"

"నానే. నువ్వు తానానికి ఎల్లినప్పుడు ఎట్టీసాను. ఏటయ్యింది?"

"మొనకి ఎట్టమని ఎవలు సెప్పేరు నీకు?"

అమ్మ నన్ను వింతగా చూసింది. "ఒకలు సెప్పాలేటి? కత్తికి పదును కాడ ఎడతాం. పడవకి ముక్కు కాడ ఎడతాం. పని సేసే సోటే గదా ఎట్టాలి. పోయిన దసరాకి నువ్వు పలక మూలకి సుక్కెట్టి ఒగ్గీసావు. అందుకే నీకు పని దొరకలేదని, ఈసారి రాలిపోకండా గట్టిగా అద్దీసాను." ఆగి, చేతులు చీరకు తుడుచుకుంది. "ఎల్లిపోతానన్నావు గదే మరి."

బస్సులో పేర్చుకున్న తిట్లన్నీ వాకిట్లోనే వదిలేశాను. లోపలికి వెళ్ళి టాబ్లెట్ తగిలించాను. వెంట్రుకలు వెంట్రుకల్లా పడ్డాయి. కళ్ళు తుడుచుకుంటూ వేశాను. నాలుగో రోజు మధ్యాహ్నానికి మూడు బొమ్మలూ పంపించాను. పది రోజులకు పని ఇస్తున్నామని జవాబొచ్చింది. అమ్మకు చెబితే "నాకు తెల్సు" అంది. బొట్టు మహిమేనని ఆమె నమ్మకం. ఆ బొట్టే మొనను ఇరికించిందని అప్పటికి చెప్పలేకపోయాను.

కానీ బరంపురం ఆయన దగ్గరకు వెళ్ళిన మా వీధి వాళ్ళెవరో ఆ నవ్వును మోసుకొచ్చి అమ్మ చెవిన వేశారు.

మరుసటి దసరాకు కత్తిపీటకు పెట్టింది, గంపకు పెట్టింది, తక్కెడకు పెట్టింది. నా బల్ల దగ్గరకు వచ్చేసరికి కుంకుమ గిన్నె నా ముందు పెట్టి చేతులు వెనక్కి కట్టుకుంది. "నాను ముట్టుకోనమ్మా. నువ్వే ఎట్టుకో."

నేను కలాన్ని తలకిందులు చేసి, తోక ఆమె వైపు పట్టుకున్నాను. "ఇక్కడెట్టు. నువ్వే ఎట్టాలి."

ముప్పై ఏళ్ళుగా చేపల ముళ్ళు విరిచిన వేలు అది. కుంకుమలో ముంచి కలం తోకకు ఆనించింది. ఆనిందో లేదో నాకు తెలియనే లేదు, చూస్తే సగం కూడా పడని బొట్టు. అమ్మ వేలు వెనక్కి లాక్కుని, నా ముఖంలోకి చూసి అడిగింది.

"గట్టిగా నొక్కీసానేటి?"