ఆ టీచరు మేడ మీదికి వచ్చిందా?

మా పెద్దమ్మ జగిత్యాల దవాఖానాలో చనిపోయింది. నేను సిరిసిల్లలో టీచర్ ట్రైనింగ్ క్లాసులో ఉండగా అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఈ నెలాఖరుకు మాసికం. ఆలోపు పెద్దమ్మ అడిగిన ఒక సినిమా ముగింపు నాకు తెలియాలి. వెతికి వెతికి విసిగిపోయాను. అందుకే ఈ పత్రికకు రాస్తున్నాను.

పెద్దమ్మది కోరుట్ల. బీడీలు చేసేది. మధ్యాహ్నం నలుగురైదుగురు ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని ఆమె ఇంట్లో చేరేవాళ్లు. టీవీలో ఎప్పుడూ తెలుగులోకి మార్చిన చవక ఇంగ్లీషు సినిమాలే. పెద్ద పాములు, భూకంపాలు, బంగళాలో దయ్యాలు. సీరియల్ అయితే ముఖాలు చూస్తూ ఉండాలి, బీడీ ఆకు చేతిలోనే చిరుగుతుంది. ఈ సినిమాల్లో కేక వినపడినప్పుడు తల ఎత్తితే చాలు. పామును చూసి మళ్లీ పనిలో పడొచ్చు.

మా ఇంట్లో నాకన్నా ముందు చదువుకున్నవాళ్లు లేరు. నేను మూలకు పుస్తకం పట్టుకుని కూర్చుంటే, "నువ్వు సదువుకో బిడ్డా, పామస్తె నేను చెప్త" అనేది.

ఏది చూడాలో, ఏది వద్దో ఆమే తేల్చేది.

"గిది బందు పెట్టు. అంత చీకటే. లైట్ల పైసలు మిగుల్చుకున్నరు."

"గట్లంటవు గని, నిన్న గాబరపడి నా చెయ్యి గిల్లితివి" అనేది పక్కింటి రాజవ్వ.

"గది దయ్యానికి గాదు. నీ బీడీలు వదులైతున్నయని గిల్లిన."

చివర్లో అంతా కల అని తేలే సినిమాలంటే ఆమెకు మంట. "గింతసేపు మనల భయపెట్టి, ఏం గాలేదంటడా?" అనేది.

ఆమెకు నచ్చింది ఒక డ్యామ్ తెగే సినిమా. డ్యామ్ బొమ్మదని చూడగానే తెలిసేది. అందులో ఒక టీచరు పిల్లలందరినీ బడి మేడ మీదికి ఎక్కించి, నడవలేని వాచ్‌మన్ కోసం మళ్లీ కిందికి దిగుతుంది. సరిగ్గా అక్కడే కరెంటు పోయింది. ఇంకోసారి వచ్చినప్పుడు అదే చోట చుట్టాలు వచ్చారు. తర్వాత ఆ సినిమా మళ్లీ కనపడలేదు.

దవాఖానాలో పెద్దమ్మను చూడ్డానికి వెళ్తే, "ఆ టీచరు మీదికచ్చిందా బిడ్డా?" అని అడిగింది.

"వచ్చింది పెద్దమ్మా."

"నువ్వు సూసినవా?"

నేను ఆమె దుప్పటి సర్దబోయాను.

"సూడకుంటె చెప్పకు. సచ్చిపోతె సచ్చిపోయిందనే చెప్పు. సదువుకున్నవు గద, ఎతుకు."

వెతికాను. ఒకే సినిమాకు ఒక్కో చానల్ ఒక్కో పేరు పెట్టుకుంటుంది. ఫోన్లో వరద సినిమాలు గుట్టలుగా ఉన్నాయి, అందులో బడి ఉన్నది ఒక్కటీ లేదు. ఆ ఆడవాళ్లనే అడుగుదామని కోరుట్ల వెళ్లాను.

"టీచరా?" అంది రాజవ్వ. "నేను నీళ్ల సప్పుడే ఇన్న. మొఖమెవలు సూసిండ్రు? కండ్లు ఆకు మీదనే ఉండె."

మా అమ్మేమో ఆ టీచరు ఎర్ర కోటు వేసుకుందంటుంది. ఇంకొకామె టీచరే కాదు, నర్సు అంటుంది. ఇన్నేళ్లు ఒకే గదిలో ఇన్ని సినిమాలు నడిచాయి, వీళ్లందరికీ గుర్తున్నవి కేకలే. కోపం వస్తోంది, ఎవరి మీదో చెప్పలేను. వీధిలో కట్టిన సంతాప ఫ్లెక్సీ మీద పెద్దమ్మను గొప్ప భక్తురాలని రాశారు. కొండగట్టు గుడి మెట్లు ఎక్కింది, నిజమే. ఆ టీచరు కోసం ఆమె పడ్డ ఆరాటం మాత్రం ఎవరూ రాయలేదు.

నేను అక్కడుండగానే టీవీ పెట్టారు. ఏదో దయ్యం సినిమా. కేక వినపడగానే అందరూ తలలెత్తారు. తెర వైపు కాదు, పెద్దమ్మ ఆనుకుని కూర్చునే గోడ వైపు.

ఆ సినిమా చివరిదాకా చూసినవాళ్లు ఉంటే, ఇరవై ఐదో తారీఖులోపు ఈ పత్రికకు రాయండి. టీచరు బతికితే బతికిందని, లేకపోతే లేదని. నన్ను ఊరడించడానికి మాత్రం రాయకండి.