గళ్ళ లుంగీ ఆయన

ఇది మహాకావ్యం కావలసిన కథ. నిజానికి మైలవరం బస్సులో కాసేపు జరిగిన మాట.

ఫోనులో కామెడీ సినిమా చూస్తూ, చేపల మార్కెట్ సీన్లో తప్పు పట్టేసి మా బావకు చూపించాను. "హీరోకు ఎడమవైపు నవ్విన గళ్ళ లుంగీ ఆయనే, మరుక్షణం కుడివైపు నవ్వుతున్నాడు. తీసినవాళ్ళకి కళ్ళు లేవా బావా?"

పక్కసీట్లో చేపలమ్మే ఆవిడ వంగి చూసింది. "జనం చాల్లేదని మా ఆయన్నే రెండువైపులా నిలబెట్టారు బాబూ. ఇప్పుడాయన లేరు. మీకది తప్పే గానీ, నాకు రెండుసార్లు కనపడతారు. కాస్త వెనక్కి తిప్పండి."

తిప్పాను. ఆయన నవ్విన రెండుసార్లూ ఆవిడా నవ్వింది. మా బావ గుళ్ళో ఉన్నట్టు సర్దుకుని కూర్చున్నాడు. ఆవిడంత శ్రద్ధగా సినిమా చూసిన మనిషిని నేనింకా చూడలేదు.

మళ్ళీ తిప్పమంది. మళ్ళీ తిప్పాను. కొండపల్లి దాటాక డేటా అయిపోయింది.