నీలం తిరిగిన పాలు

ఆత్మకూరు హైస్కూల్లో నేను పదో తరగతి చదువుతున్న రోజులవి. హాలోజన్ల పాఠం చెబుతూ మా సైన్సు అయ్యవారు ఒక జాడీలో క్లోరిన్ పట్టి, తడిపిన మందారపు రేకను అందులో వేశారు. చూస్తుండగానే ఎరుపు పోయి రేక తెల్లబడింది. తర్వాత చల్లారిన గంజిలో రెండు చుక్కలు అయోడిన్ వేస్తే గంజి ముదురు నీలమైంది.

"పాలల్లో పిండి కలిపినా ఇట్టనే పట్టేయొచ్చు" అన్నారాయన.

ఆ మాట నా తలకెక్కింది. మర్నాడు పొద్దున్నే పక్క పల్లె నుంచి పాలు పోసే అవ్వ వచ్చింది. అమ్మ పెట్టిన గిన్నెలో పోసింది. నేను దెబ్బలకు పూసే టింక్చర్ అయోడిన్ సీసా తెచ్చాను. వీధి అరుగు మీద, ఇరుగుపొరుగు ఆడవాళ్ళ ముందే, గిన్నెలోంచి కాసిని పాలు గ్లాసులోకి వంచి చుక్కలు వేశాను. పాలు నీలం తిరిగాయి.

"పిండి కలిపినావవ్వా!" అని అరిచాను.

అవ్వ గ్లాసు వైపు, నా వైపు చూసింది. "నీళ్ళు కలిపినావంటే ఒప్పుకుంటా తల్లీ. పిండెందుకు కలపతా?"

ఆడవాళ్ళు నవ్వారు. "నీళ్ళ సంగతి నువ్వే చెప్తివి గదా" అంది ఒకామె. అవ్వ చెంబు ఎత్తుకుని పోయింది. మా వీధిలో అందరూ ఆమెను మాన్పించేశారు. బళ్ళో నేను గొప్పగా చెప్పుకున్నాను.

నాలుగు రోజులకు, కొత్తగా పాలు పోస్తున్నతని పాలల్లోనూ చుక్కలు వేసి చూస్తే అవీ నీలమయ్యాయి. అమ్మ గిన్నె వైపు చూసి నాలిక కరుచుకుంది.

"రాత్రి గంజి వార్చిన గిన్నె పాపా ఇది. ఊరికే నీళ్ళు తిప్పి పెట్టినా. అవ్వ పోసిన ఆ పొద్దు కూడా ఇదే."

సాయంత్రం ఒక్కదాన్నే పల్లెకు పోయాను. అవ్వ గేదెకు గడ్డి వేస్తోంది. తప్పు నాదేనని చెప్పాలని దారంతా మాటలు కూడదీసుకుంటూ వచ్చాను.

"ఏంది పాపా, మళ్ళీ పాలు కావాల్నా?"

"ఆ" అన్నాను.

మర్నాటి నుంచి మా ఇంటికి పాలు పోసింది. మిగతా ఇళ్ళవాళ్ళు మాత్రం తీసుకోలేదు. నిజం వాళ్ళకు చెప్పవలసింది నేనే. రోజూ ఆమె ఆ ఇళ్ళ ముందు నుంచి తలవంచుకుని పోతుంటే, నేను తలుపు చాటున నిలబడేదాన్ని. ఎవరికీ చెప్పలేదు.