గడీలో దుబ్బుల కుప్ప

మొన్న మా మనవడు ఎక్కడో కొన్నానంటూ ఒక పాత రాగి దుబ్బు తెచ్చి నా చేతిలో పెట్టి, దీని విలువెంతో చెప్పమన్నాడు. కొత్త బిందెలా తళతళలాడుతున్న ఆ నాణేన్ని బొటనవేలితో తడిమి, ఎవరో చింతపండుతో తోమి పాడుచేశారని, అలాగే వదిలేసి ఉంటే మంచి ధర పలికేదని చెప్పాను. నాకెలా తెలుసని వాడు నవ్వాడు. ఆ సంగతి వాడి తండ్రికి కూడా ఎన్నడూ చెప్పలేదు. ఆ రోజులు చూసిన మీవంటి వారికైతే చెప్పుకోవచ్చుననిపించింది.

నల్లగొండ నుంచి పానగల్లు దాటి పోతే వచ్చే ఊళ్ళో మా అత్తవారిది కంచరి ఇల్లు. మా మామ పాత రాగి కొని, కరిగించి, చెంబులూ బిందెలూ చేసేవాడు. ఆ రాగిలో వచ్చే పాత దుబ్బుల్లో మంచివాటిని కొలిమిలో వేయడానికి ఆయనకు మనసొప్పేది కాదు. పట్నంలో వాటిని కొనే షావుకార్లు ఉండేవారు. కొలిమి వేడికి ఆయన చూపు మందగించింది. పుట్టింట్లో అన్నయ్య పక్కన కూర్చుని నేర్చుకున్న నాలుగు ఉర్దూ అక్షరాలు ఉన్నాయి కనుక ఆయన తడిమి ఇచ్చేవాడు, వాటి మీది రాత నేను చదివేదాన్ని.

పోలీసు చర్యకు మూడు నెలల ముందు, తొలి వానలకు మా ఊరి దొర కోటలాంటి గడీ గోడ కూలి, అందులోంచి కాగుల కొద్దీ దుబ్బులు బయటపడ్డాయి. దొర అప్పటికే పట్నం పారిపోయే ఆలోచనలో ఉన్నాడు. అంత బరువు మోసుకుపోలేక, మంచివి ఏరించడానికి మామను పిలిపించాడు. మా పెనిమిటి, దొరల మీద తిరగబడిన దళాల గొడవలకు బెదిరి బెజవాడ వైపు పోయాడు, మరుదులు ఇంకా చిన్నపిల్లలు కావడంతో మామ వెంట నేనే వెళ్ళవలసి వచ్చింది. ఇంకా పాలు మరవని నా కూతురు నిద్రపోతుంటే, మధ్యాహ్నానికి వస్తానని అత్తతో చెప్పి బయలుదేరాను. మేము లోపల అడుగుపెట్టగానే గడీ తలుపులు మూసేసి, దుబ్బులు పోసిన గదిలో మమ్మల్ని కూర్చోబెట్టారు.

అంచు ఎవరైనా అరగదీశారేమో ముందు చూడాలి. అచ్చు పెద్దది, దుబ్బు చిన్నది కాబట్టి సగం అక్షరాలు ఎప్పుడూ బయటికి పోతాయి. రాజు పేరంతా పడినది దొరికితే అది పదింటి పెట్టు. నల్లగా గట్టిపడిన పొర దాని చర్మం, దాన్ని గోకకూడదు. పొడిలా రాలే పచ్చటి చిలుము మాత్రం రోగం. బోడిగా అరిగినవి తూకానికే పోతాయి. మామ ఇవన్నీ ఓపిగ్గా చెబుతుంటే, నా రవిక తడిసిపోయేది. గోడవైపు తిరిగి పాలు మట్టిలోకి పిండుకునేదాన్ని. కాపలావాణ్ణి బతిమాలితే ఒకటే మాట.

"దర్వాజ తెరిస్తే దళపోల్లు లోపటికొస్తరు. ఏరుడైనంక పోదురుగని."

అందుకని చేతులు నొప్పి పుట్టేలా ఏరేదాన్ని. అయినా కుప్ప తరిగేది కాదు. ఒక ఉదయం లేచేసరికి, నేను ఏరిపెట్టినవాటిని మామ మళ్ళీ కుప్పలో కలుపుతున్నాడు.

"ఏం జేస్తున్నవ్ మామా! ఆడ నా బిడ్డ పాలకేడుస్తాంది!"

ఆయన నా వైపు చూడకుండానే గొంతు తగ్గించి అన్నాడు. "మెల్లగ, బిడ్డా. ఏరుడైతే మనల్ని గూడ పట్నం తోలుకపోతరట, ఆడ అమ్మిపెట్టనీకి. వంటామె చెప్పింది. అటు పోతే మల్ల రాం."

త్వరగా ఏరితే పట్నం, నెమ్మదిగా ఏరితే ఈ గది. ఆ పూట ఏడ్చి, మరునాటి నుంచి నేను కూడా ఏరిన చేతులతోనే కలిపేదాన్ని. కొన్నాళ్ళకు రవిక తడవడం మానేసింది.

పటాలం వస్తోందన్న కబురుతో దొర ఉన్నపళంగా, చేతికందినవి మూటగట్టుకుని కారెక్కి పోయాడు. తలుపులు బార్లా తెరిచే ఉన్నాయి. మేము వీధిలో నడుస్తుంటే గుమ్మాల్లో నిలబడ్డవాళ్ళు ఎవరూ పలకరించలేదు. ఒకావిడ మాత్రం, "దొర కాడ మంచిగ తిన్నరా?" అంది. మేము దొర పక్షం చేరామని ఊరంతా అనుకుందని అప్పుడు తెలిసింది.

మేకపాలతో నా కూతురు బొద్దుగా తయారై అత్త చంకలో ఉంది. చేతులు చాచాను. అది కెవ్వుమని అత్త మెడలో ముఖం దాచుకుంది. అత్త దాన్ని నా ఒడిలో పెట్టబోయి, పెట్టలేక, తనే ఏడ్చింది.

ఇప్పుడు ఆ గడీ లేదు. రాళ్ళు తలా ఇన్ని ఇళ్ళకు పట్టుకుపోయారు. దొర పేరు పిల్లలకు తెలియదు. ఆనాడు ఆ మాట అన్నావిడే నా తర్వాతి కాన్పుకు రాత్రంతా కూర్చుంది. అన్నీ సర్దుకున్నాయి. నా కూతురూ కొన్నాళ్ళకు నా దగ్గరికి వచ్చింది. అయితే మాటలు వచ్చినప్పుడు అది "అమ్మా" అన్నది అత్తను. నన్ను మాత్రం మా మరుదులు పిలిచినట్టే "వదినె" అని పిలిచింది. అదే అలవాటైపోయింది. ఇప్పుడు దానికీ మనవలున్నారు, తల నెరిసింది. ఇప్పటికీ వచ్చి నా పక్కన కూర్చుని, "వదినె, తిన్నవా?" అంటుంది. కొత్తవాళ్ళు విని నవ్వుతారు. నేనూ వాళ్ళతో కలిసి నవ్వుతాను.