జీపు చక్రాల మీద పెళ్లికారు

వాదనలో మీ చేతిలో ఓడిపోయిన మనిషి చెప్పిందే నిజమని, నలుగురి ముందూ బురద కాళ్లతో నిలబడి ఒప్పుకోవలసిన అవసరం మీకెప్పుడైనా వచ్చిందా? ఎనభైల తొలినాళ్లలో నాకు వచ్చింది. ఆ రోజుల్లో నేను గుంటూరులో బి.ఎ. చదువుతూ, వక్తృత్వ పోటీల్లో రెండు కప్పులు గెలిచి, లోకంలో తర్కానికి లొంగనిదేదీ లేదని నిర్ధారించుకుని ఉన్నాను. (మూడో కప్పు రాకపోవడానికి న్యాయనిర్ణేతల అజ్ఞానమే కారణం.)

దాచేపల్లి అవతల మా ఊరి దారి నల్లరేగడి. వాన పడితే, మా బాబాయి అద్దెకు తిప్పే పాత కారు పొట్ట బురదకు ఆని కదిలేది కాదు. సెలవులకు వచ్చిన నేను, కారును ఎత్తు చేసి జీపు చక్రాలు వేయడమే పరిష్కారమని తీర్మానం ప్రవేశపెట్టాను. బండి బరువు మోసే కమాన్ పట్టీలకూ ఇరుసుకూ మధ్య ఇనుప దిమ్మలు పెట్టించి, చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య ఎంత ఖాళీ ఉందో స్కేలుతో కొలిచి చూపించాను. మెకానిక్ మేస్త్రి బీడీ ఆర్పి, "ఖాళీ బండిని కొలిచావు బాబూ. మనోళ్లు ఎక్కాక కొలువు," అన్నాడు. కారు ఐదుగురి కోసం తయారైందనీ, నియమం తప్పేవారిని బట్టి గణితం నడవదనీ పది నిమిషాలు ఖండించాను. అతను స్పానర్ అందుకున్నాడు. గెలిచాననుకున్నాను.

మొదటి కిరాయి మా వీధి టీచరమ్మ గారి అబ్బాయి పెళ్లికి. చర్చి మూడు మైళ్లు. పాస్టరు గారికి మరో ఊళ్లో ఇంకో పెళ్లి ఉండడంతో, తొమ్మిదిన్నర దాటితే ఆగనని ముందే చెప్పారు. మా వైపు పెళ్లికొడుకు కారులో చోటు దొరకడమే బంధుత్వానికి రుజువు. దిగమంటే సంబంధం తెంచుకున్నట్టే. అందువల్ల నాతో కలిపి పదకొండు మందిమి ఎక్కాం. కారు వినయంగా వంగింది. బురదలో ఏనుగులా నడిచి, చర్చి కనిపించేంత దూరంలో రబ్బరు కాలిన వాసనతో ఆగిపోయింది. మడ్‌గార్డు చక్రాన్ని శ్రద్ధగా చెక్కేసింది.

నలుగురు దిగితే చాలునని సమానత్వం, త్యాగం, ఉమ్మడి ప్రయోజనం అనే మూడు శీర్షికల కింద వివరించాను. (నేనెందుకు దిగలేదని అడగకండి, వివరించడానికి ఒకరు ఉండాలి కదా.) పెళ్లికొడుకు మేనమామ అంతా విని, "బాగానే చెప్పావురా. ముందు అబ్బాయి పెదనాన్నని దిగమను," అన్నాడు. పెదనాన్న గారు కిటికీ వైపు తిరిగి మిరప చేలను పరిశీలించసాగారు.

తొమ్మిదీ ఇరవైకి తలుపు తెరుచుకుంది. దిగింది పెళ్లికొడుకు. బూట్లు చేత పట్టుకుని, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, "మీరు తీరిగ్గా రండి మామయ్యా, పాస్టరు గారిని నేను ఆపుతాను," అని బురదలో నడక సాగించాడు. ఖాళీ అయిన చోటులో పెదనాన్న గారు కాళ్లు చాపుకున్నారు. నేను సిగ్గుపడి, పూలదండ పట్టుకుని వెనుక పరుగెత్తాను.

పాస్టరు గారు స్కూటరు ఎక్కబోతుండగా చేరాం. పెళ్లికూతురు పెళ్లికొడుకు బురద కాళ్లు చూసి, నన్ను చూసి, "కారు ఎత్తు పెంచింది మీరేనా అండీ?" అని మెల్లగా అడిగింది. అవునన్నాను, మేస్త్రి మాటే నిజమైందని కూడా చెప్పాను. నా జీవితంలో అతి చిన్న ఉపన్యాసం అదే. వధూవరులు ఉంగరాలు మార్చుకున్నాక కారులోనివారు వచ్చి, తమ కోసం ఆగలేదని అలిగారు.

కారులో కూర్చుని త్యాగం గురించి ప్రసంగించిన ఆ కుర్రవాడు గుర్తొస్తే నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. మీకొక్క విన్నపం: ఈసారి మీరెక్కిన పెళ్లికారు బరువుకు ఆగిపోతే, ఎవరి వైపువారు దిగాలో తేల్చకండి. దయచేసి ముందు మీరే దిగండి.