పులులను కట్టేసిన ఓబులేసు గారు

ఓబులేసు గారు ఇక లేరు. జోర్డాను సరిహద్దులో ఇసుక మీద వేసిన గుడారాల్లో, స్వదేశానికి తీసుకుపోయే విమానం కోసం పది రోజులు పడిగాపులు పడి, అక్కడే కన్నుమూశారు. నా తర్వాతి విమానంలో దిగిన మా గదివాడు సుబ్బారాయుడు మొన్న ఈ వార్త మోసుకొచ్చాడు. వినగానే నాకు నోట మాట రాలేదు. మా వంశంలో ఎవరికైనా నోట మాట రాకపోవడం ఏడు తరాల్లో అదే ప్రథమం. మాట తిరిగి వచ్చేసరికి దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. పరామర్శకు వచ్చినవారు "పరదేశంలో పోవాలని రాసిపెట్టి ఉంది" అంటున్నారు. రాసినవాడెవడో నాకు తెలుసు. వాడి మీసం కూడా చూశాను.

ఓబులేసు గారిది రాయచోటి ప్రాంతం. కువైట్‌లో పదిహేనేళ్లుగా ఇళ్లకు రంగులు వేసే మేస్త్రీ. ఆజానుబాహువు అంటే ఆయనను చిన్నబుచ్చినట్టే. బ్నీద్ అల్ గార్‌లో మా ఆరుగురి గదిలోకి ఆయన వస్తుంటే గుమ్మమే వంగి దారి ఇచ్చేది. నిచ్చెన ఆయనకు వృత్తిచిహ్నమే తప్ప అవసరం కాదు.

ఆ మహాకాయుడి ఏకైక వ్యసనం పులిజూదం. త్రికోణంలో గీసిన గీతల మీద మూడు పులులు, పదిహేను మేకలు. పులి దూకితే మేక చస్తుంది. మేకలన్నీ మూగి దారులు మూసేస్తే పులి కట్టుబడిపోతుంది. ఆయన ఏనాడూ పులుల పక్షం వహించలేదు. "పులిగా ఆడేదానికి పండ్లుంటే చాలు సామీ. మేకగా ఆడల్లంటే బుర్ర కావల్ల" అనేవారు.

ఒకసారి ఆయన కఫీల్, అంటే వీసా ఇచ్చిన కువైటీ యజమాని, మా గదికి వచ్చి, సరదాపడి ఆటకు కూర్చున్నాడు. ఓబులేసు గారు ఆ దేశంలో ఉండడానికి కావలసిన ఇఖామా కాగితం అప్పటికి ఆ యజమాని జేబులోనే ఉంది, సంతకం కాకుండా. అయినా నాలుగాటలూ యజమానిని చిత్తుచిత్తుగా ఓడించారు. సంతకం పడేదాకా మా అయిదుగురికీ అన్నం దిగలేదు. ఎందుకండీ ఈ మొండితనం అంటే, "కావాలని ఓడిపోతే ఎదుటోన్ని పసిబిడ్డ కింద జమకట్టినట్టు గదప్పా. అది మర్యాద గాదు" అన్నారు.

కువైట్‌లో శరదాగమనాన్ని చెప్పేది పంచాంగం కాదు, కుళాయి. ఎండాకాలమంతా మేడమీది ట్యాంకులో కోడి దిగితే కూరై లేచేది. సెప్టెంబరులో ఏదో ఒక సాయంకాలం ఓబులేసు గారు కుళాయి కింద చెయ్యి పెట్టి, "ఖలాస్! ఎండాకాలం అయిపాయ. యల్లా, పైకి పదండప్పా" అని ప్రకటించేవారు. ఆ రోజే పనిలో మిగిలిన తెల్లరంగుతో మేడమీద కొత్త పులిజూదం పటం గీసేవారు. అక్కణ్ణుంచి మా సాయంత్రాలన్నీ అక్కడే: టీ, బొరుగులు, పరస్పర దూషణ.

ఈ ఏడు ఆగస్టులో ఇరాకీ సైన్యం వచ్చిపడింది. రొట్టెకు బారులు, వీధి మొగల్లో తుపాకులు. అయినా కుళాయి నీళ్లు చల్లబడ్డాయి.

"ఈ ఏటికి వద్దండి ఓబులేసు గారూ, పైన తిరిగితే కాల్చేత్తారండి" అన్నాను.

"వాళ్లొచ్చినారని కాలం ఆగిపాయనా? నెలన్నరాయ గోడలు చూసుకుంటా కూచోని. నువ్వు బొరుగులు తీసకరా సామీ."

మూడో సాయంత్రం సైనికులు మేడెక్కారు. త్రికోణం, గీతలు, కూడళ్లలో రాళ్లు చూశారు. శత్రువిమానాలకు గుర్తు అన్నారు. గీసినందుకు ఆయననూ, అరబ్బీ వచ్చినందుకు నన్నూ, వాళ్లు ఆక్రమించిన బడిలో కూర్చున్న మీసాల అధికారి ముందు నిలబెట్టారు. ఇది ఆట మహాప్రభో అని నేను విన్నవించాను. "ఆటైతే ఆడి చూపించు. కాకపోతే మీరిద్దరూ గూఢచారులే" అని వాడు సుద్దముక్క విసిరాడు. పులులను తానే తీసుకున్నాడని వేరే చెప్పాలా?

"మీ కాళ్లట్టుకుంటానండి. ఈ ఒక్క ఆటా ఓడిపోండి" అన్నాను తెలుగులో.

"దొంగాట ఆడితే పటం గూడా దొంగదే అనుకుంటాడు. నోరు మూసుకోని చూడు."

నాలుగు మేకలు పోయాయి. తర్వాత ఒక పులి కదలలేదు. తర్వాత రెండోది. మూడోదాని చుట్టూ దారులు మూసుకుపోయాక అధికారి నేలమీది గీతలకేసి చూసి, "ఆటే" అన్నాడు. లేచాడు. పక్కవాడి తుపాకీ లాక్కుని దాని మడమతో ఓబులేసు గారి రొమ్ము మీద ఒక్క పోటు పొడిచాడు. "పొండి" అన్నాడు.

ఆ పోటును బస్రా, బాగ్దాదుల మీదుగా బస్సులో మోసుకొచ్చారాయన. మందు దొరకలేదు. ఒక్క ఆట ఓడితే ఏం పోయిందండీ అని ఇక్కడ అడుగుతున్న పెద్దమనుషులారా, ఆ మాట మీకంటే ముందు నేనే, ఆ బస్సులోనే, ఆయన మొహం మీద అరిచాను. ఆయన రొమ్ము పట్టుకుని, "ఆటేనని వాని నోటితోనే అనిపిచ్చినా గదా సామీ. నువ్వు ఇంటికి పోతాండావు గదా" అన్నారు.

గుడారాల్లో ముందు నా పేరు పిలిచారు. ఆయన పేరు వచ్చేదాకా ఉంటానన్నాను. "యల్లా, పో" అన్నారు. పోయాను. కొట్టినవాడి మీద ఎంత కోపమో, విమానం మెట్లెక్కిన ఈ రెండు కాళ్ల మీద కూడా అంతే కోపం.

ఓబులేసు గారూ, మీకు సాష్టాంగపడుతున్నాను. లే సామీ అనడానికి మీరు లేరు.