ఏడో రోజు స్లైడు

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. మైక్రోస్కోపు కింద కనిపిస్తే ఉన్నట్టు, కనిపించకపోతే లేనట్టు. ఇరవై ఏళ్ళు మలేరియా విభాగంలో రక్తం చూసిన నాకు అంతకు మించిన లెక్క ఏదీ తెలియదు. ఇప్పుడు రాసేదాన్ని ఆ లెక్కలో ఎక్కడ పెట్టాలో తెలియక ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడానికి సిగ్గు కూడా ఒక కారణం.

ఎనభైల చివర్లో నేను కోరుట్లలో పనిచేసేవాణ్ణి. అక్కడక్కడా క్లోరోక్విన్ మాత్రలకు మలేరియా లొంగడం లేదని అనుమానం వచ్చి, కొందరు రోగులను పరీక్షించే పని నాకు అప్పగించారు. పని పెద్దదేమీ కాదు. మూడు రోజులు మాత్రలు నా కళ్ళ ముందే మింగించాలి. ఏడో రోజు వెళ్ళి మళ్ళీ వేలికి సూది గుచ్చి రక్తం తీయాలి. అప్పటికీ ఎర్ర కణాల్లో మలేరియా పురుగు మిగిలి ఉంటే మందు పనిచేయనట్టు. వెంటనే రెండో మందు ఇవ్వాలి. ఆలస్యమైతే మనిషి దక్కకపోవచ్చు.

కథలాపూర్ దాటాక బస్సు దిగి రెండు మైళ్ళు నడిస్తే ఒక పల్లె. అక్కడ నర్సాగౌడ్ అనే కల్లుగీత కార్మికుడి కూతురు పద్మ నా జాబితాలో ఉంది. పదమూడేళ్ళ పిల్ల. జ్వరంతో వణుకుతూ కూడా ఊరుకునేది కాదు.

"గిన్నిసార్లు నెత్తురు తీసుకపోతున్నవ్, అమ్ముకుంటున్నవా సారు?" అంది మూడో రోజు.

"సారుతోటి గట్లనేనా మాట్లాడుడు?" అని కసిరాడు నర్సాగౌడ్. నవ్వాపుకుంటూనే కసిరాడు.

ఏడో రోజు పొద్దున కోరుట్ల బస్టాండులో బస్సెక్కి కూర్చున్నాను. ఆ పల్లె దాపున తెల్లవారుజామున పోలీసులకూ నక్సలైట్లకూ కాల్పులు జరిగాయని జనం చెప్పుకుంటున్నారు.

"ఇయ్యాల బస్సు కథలాపూర్ దాంకనే. ఆడికెల్లి నడుసుడే," అన్నాడు కండక్టర్.

సంచిలో సూదులు, ఊళ్ళ పేర్లు, మనుషుల పేర్లు రాసిన పుస్తకం పెట్టుకుని ఆ దారిన నడిస్తే పోలీసులకూ అనుమానమే, అన్నలకూ అనుమానమే. బస్సు కదలక ముందే దిగిపోయాను.

ఆఫీసు గదికి వచ్చి తలుపు దగ్గరగా వేశాను. నా ఎడమ చేతి ఉంగరం వేలికి సూది గుచ్చుకుని, స్లైడు మీద నా రక్తమే పరిచాను. ఆరాక, పలచటి పూత మీద పెన్సిలుతో పద్మ నంబరు వేశాను. రంగు వేసి పదిచోట్ల చూశాను. శుభ్రంగా ఉంది. 'పురుగు లేదు' అని పుస్తకంలో రాసి, స్లైడును రెండో పరీక్షకు జిల్లా కార్యాలయానికి పంపాను. ఆ రోజు నేను చేసిన స్లైడు అదొక్కటే. అలా చేయడం అదే మొదటిసారి. అయినా చేతులు వణకలేదు. ఇప్పుడు తలచుకుంటే అదే ఎక్కువ బాధ.

మర్నాటి నుంచి బస్సులు మామూలుగానే తిరిగాయి. నేను వెళ్ళలేదు. రాసేశాను కదా అనుకున్నాను.

పది రోజులకు స్లైడు తిరిగి వచ్చింది, కాగితంతో సహా. పురుగులు చాలా ఉన్నాయి, వెంటనే రెండో మందు ఇవ్వండి అని దానిలో ఉంది. స్లైడులు తారుమారయ్యాయనుకున్నాను. తీసి చూస్తే పెన్సిలు రాత నాదే. మైక్రోస్కోపు కింద పెట్టాను. ఏ మూల చూసినా ఎర్ర కణాల్లో సన్నటి ఉంగరాల్లా పురుగులు. ఆ రోజూ, ఆ తర్వాత రెండుసార్లూ నా రక్తం తీసి గంటల తరబడి చూసుకున్నాను. ఏమీ లేదు. నాకు జ్వరమూ రాలేదు.

కాగితం వచ్చిన మరునాడు మొదటి బస్సుకే మందు తీసుకుని వెళ్ళాను. నర్సాగౌడ్ వాకిట్లో చెట్టెక్కే మోకు ముందేసుకుని ఊరికే కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవలేదు.

"నాలుగొద్దులాయె సారు, పిల్ల పోయి," అన్నాడు.

తీయబోయిన మందు సంచిలోనే వదిలేశాను. ఆయనే మళ్ళీ అన్నాడు.

"గా కాల్పులైన దినం ఊర్లెకు ఎవ్వలు రాలే. నువ్వొక్కనివే అచ్చినవ్. ఏలికి సూది గుచ్చి నెత్తురు తీస్కున్నవ్. గీ గోలీలు పనిజేస్తలేవు, వేరేయి తెస్త, మల్లస్త అని పిల్లకు జెప్పినవ్. రోజు బస్సు టైముకు అర్ర నుంచి అచ్చి గీ గడపల కూసునేది."

ఎవరినో చూసి నేననుకున్నారేమోనని, ఆ వచ్చినతను ఎలా ఉన్నాడని అడగబోయాను. అడిగితే నేను రాలేదని ఒప్పుకోవాలి. అడగలేదు.

"బస్సులు బందు వెట్టిండ్రు గావచ్చు. నువ్వు మాత్రం ఏం జేస్తవ్ సారు," అన్నాడు.

తల ఊపాను.

ఆయన లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చాడు. "గారోజు నీళ్ళన్న తాగకుంట పోతివి," అంటూ చేతికిచ్చాడు. తాగాను.

నాకే తెలియకుండా నా ఒంట్లో మలేరియా ఉండి, తర్వాత దానంతటదే పోయిందేమో. పద్మ తండ్రి దుఃఖంలో రోజులు కలిపేసుకున్నాడేమో. ఇలా ఒక్కోదానికి ఒక్కో సమాధానం చెప్పుకోగలను. కానీ ఆ మాత్రలు పనిచేయడం లేదన్న సంగతి ఏడో రోజున నాకు కూడా తెలియదు. జిల్లా నుంచి కాగితం రాకముందే ఆ పిల్లకు అది చెప్పిందెవరు?

తర్వాత చాలా ఏళ్ళు నర్సాగౌడ్ కోరుట్ల అంగట్లో కనిపించేవాడు. పక్కన ఎవరుంటే వాళ్ళకు నన్ను చూపించి, "కాల్పులైన దినం గుడ మా ఇంటికచ్చిండు గీ సారు," అని చెప్పేవాడు. నేను ఒక్కసారి కూడా కాదనలేదు. ఇప్పుడు ఆయన లేడు. ఆ రోజు వాళ్ళ గడప తొక్కింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు.